సంతకం ఉంటే సరిపోతుందా? సెక్యూరిటీ టెస్టింగ్ అనుమతులపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కంపెనీల వెబ్‌సైట్లకు, సర్వర్లకు సెక్యూరిటీ టెస్టింగ్ చేయడం, అంటే దాడి చేసేవాళ్ల కంటే ముందే లోపాలు వెతికి చెప్పడం నా పని. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజే ఏ టూల్ వాడాలి అని అడుగుతారు. నేను ముందు, టెస్ట్ చేయవచ్చని క్లయింటు రాసిచ్చిన అనుమతి కాగితం తీసి చదవమంటాను. ఈ కాగితం విషయంలో అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరపడుతుంటారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: టెస్ట్ చేయాల్సిన ఐపీల (నెట్‌లో కంప్యూటర్ల అడ్రస్‌ల) లిస్టు క్లయింటే ఇచ్చాడు, సంతకం కూడా పెట్టాడు. ఇక మనం చూడాల్సింది ఏముంది?

వాస్తవం: ఆ లిస్టులో ఉన్నవన్నీ నిజంగా ఆయనవేనా అన్నది మనమే చూసుకోవాలి. ఒకసారి గోడౌన్ల వ్యాపారం చేసే క్లయింటు 14 ఐపీ అడ్రస్‌లతో ఎక్సెల్ షీట్ పంపారు. వర్క్ ఆర్డర్, సంతకం, స్టాంపు అన్నీ సక్రమంగా ఉన్నాయి. స్కాన్ (టూల్‌తో సర్వర్‌ను తడిమి చూడటం) మొదలుపెట్టే ముందు ప్రతి అడ్రస్ ఎవరి పేరున ఉందో, సైట్ సర్టిఫికెట్‌లో ఏ డొమైన్ (సైట్ పేరు) కనిపిస్తోందో చూసుకోవడం మాకు అలవాటు. తొమ్మిదో అడ్రస్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే ఒక డయాగ్నస్టిక్ సెంటర్ పేజీ వచ్చింది. రిపోర్టు నంబరు, మొబైల్ నంబరు ఇవ్వమని రెండు పెట్టెలు. గోడౌన్లవాళ్లకు రక్తపరీక్షలతో పనేమిటి? ఫోన్ చేసి అడిగితే తేలింది, అద్దెకు తీసుకున్న ఆ క్లౌడ్ సర్వర్‌ను వాళ్లు ఎప్పుడో వదిలేశారు, షీట్ మాత్రం మార్చలేదు. వదిలేసిన ఐపీని క్లౌడ్ కంపెనీ ఇంకొకరికి ఇచ్చేసింది.

సంతకం పెట్టినాయన అబద్ధం చెప్పలేదు. తమదేనని నమ్మి పెట్టాడు. కానీ ఆయన నమ్మకం మనకు అనుమతి అయిపోదు. ఆ రోజు చూసుకోకుండా స్కానర్ వదిలి ఉంటే, రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న రోగుల పేజీ మీద పడేది.

అప్పటి నుంచి ప్రతి డొమైన్‌కూ ఒక పని చేయిస్తున్నాం. మేమిచ్చిన ఒక మాటను డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే రికార్డుల్లో) టీఎక్స్‌టీ రికార్డుగా, అంటే మామూలు రాతగా పెట్టమంటాం. డొమైన్ చేతిలో లేనివాళ్లు అది పెట్టలేరు. సబ్‌డొమైన్లతో (అసలు డొమైన్ ముందు ఇంకో పేరు చేర్చిన అడ్రస్‌లతో) ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఉద్యోగాల పేజీ క్లయింటు పేరు మీదే కనిపిస్తుంది, కానీ ఆ పేరు నిజానికి ఏ డొమైన్‌కు దారి తీస్తుందో చెప్పే సీనేమ్ రికార్డు చూస్తే నడిపేది వేరే హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ అని తెలుస్తుంది. అప్పుడు ఆ కంపెనీ ఒప్పుకోవాలి.

అపోహ: పై స్థాయివాళ్లు రాసిచ్చిన లేఖ జేబులో ఉంటే పోలీసులొచ్చినా భయం లేదు.

వాస్తవం: 2019 సెప్టెంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జరిగింది గుర్తుంచుకోవాలి. కోల్‌ఫైర్ అనే సెక్యూరిటీ టెస్టింగ్ సంస్థ ఉద్యోగులు ఇద్దరు రాత్రివేళ డాలస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు భవనం భద్రతను పరీక్షిస్తుండగా అలారం మోగింది. వాళ్లు పారిపోలేదు. పోలీసులు వచ్చాక లేఖ చూపించారు. పని అప్పగించింది రాష్ట్ర న్యాయవ్యవస్థే. అయితే భవనం కౌంటీది, దానిలోకి వెళ్లమనే అధికారం రాష్ట్రానికి లేదని షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) పట్టుబట్టారు. ఇద్దరి మీదా దొంగతనం ఉద్దేశంతో చొరబడ్డారన్న కేసు పెట్టి జైల్లో వేశారు. ఆ కేసును తర్వాత అక్రమ ప్రవేశం స్థాయికి తగ్గించారు, 2020 జనవరి చివర్లో పూర్తిగా ఎత్తేశారు. లేఖ నకిలీది కాదు. ఇచ్చినవాళ్లకు ఆ భవనం మీద హక్కు ఉందా అన్న దగ్గరే గొడవంతా.

మన దగ్గరా ఇదే చిక్కు. అద్దెకున్న ఆఫీసులో యాక్సెస్ కార్డుల వ్యవస్థ చాలాసార్లు భవన యజమానిది. క్లయింటు ఎంత పెద్ద కంపెనీ అయినా దాన్ని పరీక్షించమని ఒక్కడే చెప్పలేడు.

అపోహ: మంచి ఉద్దేశంతో చేస్తే చట్టం అడ్డురాదు.

వాస్తవం: ఐటీ చట్టం, 2000లోని సెక్షన్ 43 యజమాని లేదా ఆ వ్యవస్థ బాధ్యుడి అనుమతి ఉందా అనే అడుగుతుంది. లేకపోతే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పని దురుద్దేశంతో లేదా మోసపూరితంగా చేశారని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రభుత్వం రక్షిత వ్యవస్థలుగా ప్రకటించిన వాటి విషయంలో సెక్షన్ 70 ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లే ప్రయత్నం చేసినా నేరమే, శిక్ష పదేళ్ల దాకా ఉంటుంది. నా ఉద్దేశం మంచిదేనని తర్వాత నిరూపించుకుంటూ స్టేషన్ల చుట్టూ తిరగడం కన్నా, రెండు రోజులు ఆలస్యమైనా కాగితం కోసం ఆగడమే నయమని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: పోర్ట్ స్కాన్ అంటే సర్వర్‌కు ఏ తలుపులు తెరిచి ఉన్నాయో ఊరికే చూడటమే, దానికి అనుమతి ఎందుకు?

వాస్తవం: అవతలివాళ్లకు అది దాడికి ముందు జరిగే రెక్కీలాగే కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో, 6 గంటల్లోగా తనకు తెలియజేయాల్సిన సంఘటనల జాబితాలో కీలక నెట్‌వర్క్‌లను గురిపెట్టి స్కాన్ చేయడం కూడా ఉంది. పైగా పాత ప్రింటర్లు, ఫ్యాక్టరీ కంట్రోలర్ల లాంటివి మామూలు స్కాన్‌కే ఆగిపోతుంటాయి.

అపోహ: ఒకసారి అనుమతి తీసుకుంటే ఆ క్లయింటు దగ్గర ఎప్పుడైనా చేసుకోవచ్చు.

వాస్తవం: లేఖలో తేదీలు, వేళలు ఉంటాయి. గడువు శుక్రవారం రాత్రి 12తో ముగిస్తే, 11:50కి లోపం దొరికినా 12కి ఆపేయాల్సిందే. మిగతాది కొత్త అనుమతి మెయిల్ వచ్చాకే.

అపోహ: అనుమతి లేకుండా నేర్చుకునే దారే లేదు.

వాస్తవం: ఉంది. ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ టూల్ తయారుచేసినవాళ్లే స్కాన్‌మీ అనే సర్వర్‌ను నేర్చుకునేవాళ్ల కోసం ఉంచారు, రోజుకు కొద్దిసార్లు స్కాన్ చేసుకోనిస్తారు. మెటాస్‌ప్లాయిటబుల్ లాంటి కావాలనే లోపాలతో చేసిన సిస్టమ్‌ను మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్‌గా (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్‌లా) పెట్టుకుని ఏమైనా చేసుకోవచ్చు. లోపం కనిపెట్టి చెప్పినవాళ్లకు కంపెనీలు బహుమతి ఇచ్చే బగ్ బౌంటీ కార్యక్రమాలూ ఉన్నాయి, కాకపోతే దేన్ని పరీక్షించవచ్చో చెప్పే వాటి స్కోప్ పేజీని చివరిదాకా చదవాలి.

మామూలుగా వాడుకుంటుంటే కాలేజీ ఫలితాల సైట్‌లో పక్కవాడి మార్కులు కనిపించాయని ఒక విద్యార్థి నాకు మెసేజ్ పెట్టాడు. ఇంకో హాల్‌టికెట్ నంబరు కొట్టి చూడనా అని అడిగాడు. వద్దు బాబూ, అక్కడితో ఆపు, కనిపించింది కనిపించినట్టు కాలేజీకి, సెర్ట్-ఇన్‌కు మెయిల్ రాయమన్నాను. ఆ మెయిల్ ఇద్దరం కూర్చుని రాశాం.