ఎక్స్‌క్లూజివ్ అంటే ఆ కంపెనీ సొంత గేమ్ అనేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బరంపురంలో నాది పాత గేమ్ డిస్కులు కొని అమ్మే షాపు. దసరా ముందు పర్లాకిమిడి నుంచి, ఇచ్ఛాపురం నుంచి కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. "అన్నా, ఈ గేమ్ ఎప్పటికీ ప్లేస్టేషన్‌లోనే ఉంటుందా, ఎక్స్‌బాక్స్‌కి కూడా వస్తుందా?" అని అడగనివాళ్లు తక్కువ. ప్లేస్టేషన్ సోనీది, ఎక్స్‌బాక్స్ మైక్రోసాఫ్ట్‌ది. ఒకదానిలో దొరికి రెండోదానిలో దొరకని గేమ్‌ని ఎక్స్‌క్లూజివ్ అంటారు. ఇంటికి ఒక్క కన్సోల్ (గేములాడే యంత్రం) కొనడమే పెద్ద ఖర్చు కాబట్టి ఈ ప్రశ్నకి సరైన జవాబు తెలియాలి.

అపోహ: ఒక్క కన్సోల్‌లోనే దొరుకుతోందంటే అది ఆ కన్సోల్ కంపెనీ చేసిన గేమే.

కాదు. సోనీ సొంత స్టూడియో అయిన శాంటా మోనికాలో తయారైన గాడ్ ఆఫ్ వార్ ఫస్ట్ పార్టీ గేమ్, అంటే కన్సోల్ కంపెనీ సొంత గేమ్. ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ అలా కాదు, దాన్ని చేసిందీ విడుదల చేసిందీ స్క్వేర్ ఎనిక్స్, ప్లేస్టేషన్‌లో ముందు ఇచ్చేలా సోనీతో కొంతకాలానికి ఒప్పందం ఉందంతే. 2020 ఏప్రిల్‌లో పీఎస్4కి (ప్లేస్టేషన్ 4) వచ్చింది, 2021 డిసెంబర్‌లో పీసీకి వచ్చేసింది. టూంబ్ రైడర్ సిరీస్‌లో రైజ్ ఆఫ్ ది టూంబ్ రైడర్ కూడా అంతే: 2015 నవంబర్‌లో ఎక్స్‌బాక్స్, మరుసటి అక్టోబర్‌లో పీఎస్4. థర్డ్ పార్టీ, అంటే బయటి కంపెనీ గేమ్ అయిన ఎక్స్‌క్లూజివ్ చాలావరకు ఇలా గడువుతోనే ఉంటుంది.

అపోహ: బయటి స్టూడియో చేసిందంటే ఇవాళ కాకపోతే రేపు అన్నిటికీ వస్తుంది.

బ్లడ్‌బోర్న్ కోసం ఎదురుచూసేవాళ్లకి ఈ మాట చెప్పాలంటే నాకే బాధగా ఉంటుంది. దాన్ని చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సోనీ స్టూడియో కాదు, వాళ్ల ఎల్డెన్ రింగ్ 2022లో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, పీసీ మూడింటికీ వచ్చింది, మరి 2015లో పీఎస్4కి వచ్చిన బ్లడ్‌బోర్న్ మిగతావాటికి ఎందుకు రాలేదు? దాని హక్కులు సోనీవి కాబట్టి. ఇల్లు కట్టిన మేస్త్రీ వేరు, దస్తావేజు మీద పేరున్నవాడు వేరు. డిస్కు కవర్ తిప్పి అట్టడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న కాపీరైట్ లైన్ చదవండి, గేమ్ హక్కు ఎవరిదో, తయారుచేసింది ఎవరో అక్కడ విడివిడిగా ఉంటుంది. నేను డిస్కు చేతికిచ్చేటప్పుడు ముందు ఆ లైనే చూపిస్తాను. 2018లో ప్లేస్టేషన్‌కి స్పైడర్‌మ్యాన్ వచ్చినప్పుడు కూడా దాన్ని చేసిన ఇన్‌సోమ్నియాక్ బయటి స్టూడియోనే, సోనీ ఆ స్టూడియోని కొన్నది 2019లో. అదే ఇన్‌సోమ్నియాక్ 2014లో ఎక్స్‌బాక్స్ వన్ కోసం సన్‌సెట్ ఓవర్‌డ్రైవ్ చేసింది.

అపోహ: స్టూడియోని కొనేస్తే ఇక వాళ్ల గేములన్నీ ఒక్క కన్సోల్‌కే.

2014లో మైక్రోసాఫ్ట్ మైన్‌క్రాఫ్ట్ చేసిన మోజాంగ్‌ని కొన్నది, అయినా ఆ గేమ్ ఇప్పటికీ ప్లేస్టేషన్‌లోనూ నింటెండోలోనూ అమ్ముడవుతోంది. డెత్‌లూప్ సంగతి ఇంకా విచిత్రం. 2021 మార్చికి దాన్ని విడుదల చేసే బెథెస్డా మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చేసింది, కానీ సోనీతో పాత ఒప్పందం ఉండటంతో అదే సెప్టెంబర్‌లో ఆ గేమ్ కన్సోళ్లలో పీఎస్5కే వచ్చింది, సొంత ఎక్స్‌బాక్స్‌లోకి రావడానికి మరో ఏడాది పట్టింది. చేతులు మారినా సంతకం చేసిన కాగితం చెల్లుతుంది మరి.

అపోహ: ఫస్ట్ పార్టీ గేమ్ గడప దాటదు.

ఇదివరకు దాదాపు నిజమే. ఇప్పుడు సోనీ గేములు పీసీకి వస్తున్నాయి, హొరైజన్ జీరో డాన్ 2020లోనే వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఫోర్జా హొరైజన్ 5 2025 ఏప్రిల్‌లో పీఎస్5కి కూడా వచ్చింది. నింటెండో మాత్రం తన కొత్త మారియో, జెల్డా గేముల్ని తన కన్సోల్‌కే అట్టిపెట్టుకుంటోంది, పిల్లాడికి అవే కావాలంటే ఎదురుచూసి లాభం లేదు, నింటెండోనే కొనండి.

అపోహ: గేమ్ రెండో కన్సోల్‌కి వస్తే నా దగ్గరున్న డిస్కు అందులోనూ ఆడుతుంది.

ఆడదు. పీఎస్5 డిస్కు ఎక్స్‌బాక్స్ చదవదు, మళ్లీ కొనాల్సిందే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కైతే డిస్కు పెట్టే చోటే లేదు, కాబట్టి అది కొన్నవాళ్లు మా షాపుల్లో పాత డిస్కులు కొనకండి.