అంతుచిక్కని జబ్బులు: కుక్కలు, పిల్లుల విషయంలో అపోహలు - వాస్తవాలు

"ఎంతమందికి చూపించినా ఏంటో తేలలేదండీ" అంటూ వచ్చేవాళ్ల చేతిలో దాదాపు ఎప్పుడూ ఓ లావుపాటి ఫైలు ఉంటుంది. ఎక్స్‌రేలు, స్కానింగులు, ల్యాబు రిపోర్టులు అన్నీ అందులో ఉంటాయి. జబ్బు ఎప్పుడు మొదలైంది, మధ్యలో ఎప్పుడు తగ్గింది, తగ్గినప్పుడు ఏ మందు నడుస్తోంది అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. చాలా కేసులు అక్కడే చిక్కుపడతాయి. అరుదైన జబ్బుల విషయంలో కుక్కలు, పిల్లులు పెంచేవాళ్ల నోట నేను తరచూ వినే అపోహలు కొన్ని రాస్తున్నాను. అన్నింటికీ సమానంగా చోటివ్వలేదు. ప్రాణం మీదికి తెచ్చేవాటి గురించే ఎక్కువ రాశాను.

అపోహ: లక్షణాలు వింతగా ఉంటే జబ్బు కూడా వింతదే.

చాలాసార్లు మామూలు జబ్బే వింత వేషంలో వస్తుంది. ముసలి పిల్లి వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి, చతికిలబడ్డట్టు నడుస్తుంటే నడుము విరిగిందేమోనని కంగారు పడతారు. సుగర్ పరీక్ష చేస్తే మధుమేహం బయటపడుతుంది. నరాలు దెబ్బతిని అలా నడుస్తుందన్నమాట. సుగర్ అదుపులోకి వచ్చాక కొన్ని పిల్లులు మళ్లీ మామూలుగా నడుస్తాయి కూడా.

దీనికి తిరగేసిన కేసు ఇంకోటి. నిన్నటిదాకా గంతులేసిన పిల్లి ఉన్నట్టుండి అరుస్తూ వెనక కాళ్లు ఈడుస్తుంది. గోడ మీంచి పడిందని అంటారు. ఆ పాదాలు పట్టుకుని చూడండి. ముందు కాళ్ల కన్నా చల్లగా ఉండి, పాదాల మెత్తలు పాలిపోయి లేదా నీలంగా కనిపిస్తే దెబ్బ కన్నా ముందు గుండెను అనుమానించాలి. గుండెలో గడ్డకట్టిన రక్తం జారి, కాళ్లకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం చీలే చోట ఇరుక్కుంటే ఇలా అవుతుంది. ఆ నొప్పి భరించరానిది. మాలిష్ చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: ఇంజెక్షన్ వేయగానే లేచి తిరిగింది, అంటే జబ్బు తగ్గిపోయినట్టే.

నా దృష్టిలో వీటన్నిటిలోకి ఎక్కువ నష్టం చేసేది ఇదే. దీనికి ఆడిసన్స్ వ్యాధి కన్నా మంచి ఉదాహరణ లేదు.

కుక్కల్లో కిడ్నీల పక్కనే ఉండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని, శరీరానికి కావలసిన స్టెరాయిడ్ హార్మోన్లు తయారు కాకపోవడమే ఈ జబ్బు. సాధారణంగా చిన్న వయసు నుంచి నడి వయసు కుక్కల్లో, ఆడవాటిలో కాస్త ఎక్కువగా వస్తుంది. ఓ వారం వాంతులు, నీరసం. సెలైన్ ఎక్కిస్తే కోలుకుంటుంది. నెల తర్వాత ఇంటికి చుట్టాలొస్తారు, లేదా కుక్కను నాలుగు రోజులు వేరేచోట వదిలి ఊరెళతారు. మళ్లీ పడిపోతుంది. మళ్లీ సెలైన్, దాంతోపాటు ఓ స్టెరాయిడ్ ఇంజెక్షన్. మళ్లీ లేస్తుంది. ప్రతిసారీ "ఏదో తిని ఉంటుంది" అనుకుంటారు. నిజానికి శరీరంలో కరువైందే స్టెరాయిడ్. ఇంజెక్షన్ ఆ లోటును కొన్నాళ్లు పూడ్చింది, అంతే.

పట్టుకోవడానికి ఆనవాళ్లు ఉన్నాయి. షాక్‌లో ఉన్న కుక్కకు గుండె దడదడా కొట్టుకోవాలి. అంత నీరసంగా పడి ఉన్నా నాడి నిదానంగా నడుస్తోందంటే రక్తంలో పొటాషియం పెరిగిందేమో చూడాలి. పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ ఉంటే అనుమానం బలపడుతుంది. కిడ్నీ విలువలు కూడా పెరిగి ఉంటాయి కాబట్టి "కిడ్నీలు పాడైపోయాయి" అని ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది. ఇంకో చిన్న ఆనవాలు: జబ్బుతో ఒత్తిడిలో ఉన్న కుక్క రక్తంలో లింఫోసైట్లనే తెల్ల కణాలు తగ్గాలి. అంత జబ్బు చేసినా అవి మామూలుగానే ఉన్నాయంటే ఒంట్లో కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే స్టెరాయిడ్ హార్మోన్) సరిపడా లేదేమోనని అనుమానించాలి. అలాగని లవణాలు సరిగ్గా ఉంటే ఆడిసన్స్ కాదని కొట్టిపారేయలేం. అవి నార్మల్‌గా ఉంటూనే ఈ జబ్బు ఉన్న కుక్కలూ ఉంటాయి.

ముందుగా ఒక కార్టిసాల్ పరీక్ష చాలు. డెసిలీటరుకు 2 మైక్రోగ్రాముల కన్నా ఎక్కువ వస్తే ఈ జబ్బు దాదాపు కాదనే చెప్పొచ్చు. తక్కువ వస్తే అడ్రినల్ గ్రంథులను పురికొల్పే ఏసీటీహెచ్ హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఇవ్వకముందు ఒకసారి, గంట తర్వాత ఒకసారి రక్తం తీసి చూస్తాం. ఇక్కడే అసలు తిరకాసు. అప్పటికే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పడి ఉంటే యంత్రం దాన్నే కార్టిసాల్‌గా లెక్కేయొచ్చు. డెక్సామెథసోన్ అనే ఇంకో స్టెరాయిడ్‌ని యంత్రం కార్టిసాల్‌గా పొరబడదు. అందుకే ఏ ఇంజెక్షన్ వేశారో పేరు అడుగుతాం. "ఏదో తెల్ల సీసా మందు" అంటే లాభం లేదు. చీటీ దాచి పెట్టుకోండి.

తేలాక వైద్యం తేలికే. నెలకు అటూ ఇటుగా ఒక హార్మోన్ ఇంజెక్షన్, లేదా రోజూ ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు. ఇంజెక్షన్ మీద ఉన్న కుక్కలకు దాంతోపాటు చాలా చిన్న మోతాదులో ప్రెడ్నిసొలోన్ రోజూ ఇవ్వాలి. మాత్రల మీద ఉన్నవాటిలో కొన్నింటికి అది అవసరం ఉండదు. ప్రయాణం, ఆపరేషన్ లాంటి ఒత్తిడి ఉన్న రోజుల్లో డాక్టర్ చెప్పినట్టు ఆ మోతాదు పెంచాలి. అలా చూసుకుంటే కుక్క పూర్తి ఆయుష్షు బతుకుతుంది.

స్టెరాయిడ్ వల్ల ఇంకో ముప్పు కూడా ఉంది. లింఫోమా అనే క్యాన్సర్‌లో దవడ కింద, మోకాళ్ల వెనక బిళ్లలు కడతాయి. స్టెరాయిడ్ పడగానే అవి కరిగిపోయి అందరూ సంతోషిస్తారు. కొన్ని వారాలకు మళ్లీ వస్తాయి. ఈలోగా సూదితో నమూనా తీసినా ఫలితం అస్పష్టంగా రావొచ్చు, తర్వాత ఇచ్చే కీమోథెరపీ కూడా సరిగా పనిచేయకపోవచ్చు. బిళ్ల కనిపిస్తే ముందు నమూనా, తర్వాతే స్టెరాయిడ్.

అపోహ: బ్లడ్ రిపోర్టు అంతా నార్మల్, కాబట్టి జబ్బు లేదు.

నార్మల్ హద్దులంటే ఆరోగ్యంగా ఉన్న జంతువుల్లో 95 శాతం ఇమిడే పరిధి. అంటే నిక్షేపంలా ఉన్న కుక్కకు 20 రకాల పరీక్షలు చేస్తే ఒకటి ఎర్ర రంగులో రావడం మామూలే. కిడ్నీ జబ్బు ఉన్న కుక్కకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష అంకె) నార్మల్‌గా రావడమూ మామూలే. కిడ్నీల పనితనం చాలావరకు పోయాక గానీ అది పెరగదు.

పుట్టుకతో కాలేయాన్ని తప్పించుకుని రక్తం పక్కదారిన పోయే లోపం ఉన్న కుక్కపిల్లలు ఉంటాయి. వయసుకు తగ్గట్టు ఎదగవు. అన్నం తిన్న గంటా రెండు గంటల్లో మత్తుగా, గోడకు తల ఆనించి నిలబడతాయి. వాటి కాలేయం ఎంజైములు మామూలుగానే ఉండొచ్చు. పరగడుపున, తిన్న రెండు గంటలకు రక్తంలో పైత్య ఆమ్లాలు (బైల్ యాసిడ్స్) కొలిస్తే అనుమానం తేలుతుంది. "తిన్నాక ఇలా అవుతోంది" అన్న ఇంట్లోవాళ్ల మాట లేకపోతే ఆ పరీక్ష ఎవరికీ తట్టదు.

రిపోర్టు తప్పుగా రావడానికి జబ్బే అక్కర్లేదు. రక్తం తీశాక గొట్టాన్ని గంటల తరబడి అలాగే ఉంచితే అందులోని కణాలే గ్లూకోజ్ తినేస్తాయి. లేని "లో సుగర్" కనిపిస్తుంది. పిల్లుల ప్లేట్‌లెట్లు ఇట్టే ముద్దకట్టేస్తాయి, యంత్రం ఆ ముద్దను లెక్కపెట్టలేక "చాలా తక్కువ" అని చూపిస్తుంది. గాజు పలక మీద ఒక చుక్క పరిచి మైక్రోస్కోపులో చూసే దాకా ఆ అంకెను నేను నమ్మను. గ్రేహౌండ్లకు ఎర్ర కణాలు పుట్టుకతోనే ఎక్కువ, థైరాయిడ్ అంకెలు తక్కువ. జాతి తెలియకుండా రిపోర్టు చదివితే లేని జబ్బుకు మందు మొదలవుతుంది.

అపోహ: పాజిటివ్ వచ్చిందంటే ఇప్పుడున్న జబ్బు అదే.

యాంటీబాడీ పరీక్ష చెప్పేది ఆ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని. పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియా జ్వరం పూర్తిగా తగ్గినా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పాజిటివ్ వస్తూనే ఉంటుంది. ఆ కాగితం చూసి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడేవాళ్లున్నారు. ప్లేట్‌లెట్లు పెరిగి కుక్క హుషారుగా ఉంటే ఆ పాజిటివ్‌కు వైద్యం అక్కర్లేదు. పిల్లుల కరోనా వైరస్ పరీక్షదీ ఇదే కథ. నాలుగైదు పిల్లులు కలిసి ఉండే ఇంట్లో చాలావాటికి పాజిటివ్ వస్తుంది. వాటిలో కొద్దిపాటి పిల్లులకే అది ఎఫ్‌ఐపీ (ఫెలైన్ ఇన్‌ఫెక్షియస్ పెరిటొనైటిస్) అనే ప్రమాదకరమైన జబ్బుగా ముదురుతుంది.

అపోహ: ఎఫ్‌ఐపీ అని తేలితే పిల్లి మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఒకప్పుడు నిజమే, మేమూ అదే చెప్పేవాళ్లం. 2019లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందు ఫలితాలు ప్రచురించాక లెక్క మారిపోయింది. సహజంగా ఈ జబ్బు సోకిన 31 పిల్లులకు ఇస్తే 25 బతికి బట్టకట్టాయి.

పొట్టలో నీరు చేరే రకమైతే అనుమానించడం సులువు. నీరు ఎండుగడ్డిలా పసుపు రంగులో, వేళ్ల మధ్య సాగేంత జిగటగా వస్తుంది. గొట్టంలో డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, ఒక చుక్క ఎసిటిక్ యాసిడ్ కలిపి, దాని మీద ఈ నీటి చుక్క జారవిడుస్తాం. చుక్క కరగకుండా ముత్యంలా నిలిచినా, పొగలా తోక వేసుకుంటూ దిగినా అనుమానం పెరుగుతుంది. పూర్తిగా కలిసిపోతే ఎఫ్‌ఐపీ కాకపోవచ్చు. ఇదొక్కటే చూసి తేల్చకూడదు. రక్తంలో ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ల నిష్పత్తి 0.4 కన్నా తక్కువగా ఉందా, నీటిలో వైరస్ దొరికిందా అన్నవి కలిపి చూడాలి.

మందు మొదలైన కొద్ది రోజుల్లోనే జ్వరం దిగి పిల్లి గిన్నె దగ్గరికి వస్తుంది. అక్కడే కొందరు "తగ్గిపోయింది కదా" అని ఆపేస్తారు. సాధారణ కోర్సు 84 రోజులు. ఇంకో సంగతి, కోలుకుంటున్న పిల్లి బరువు పెరుగుతుంది. మొదటి రోజు బరువుకు లెక్కగట్టిన మోతాదే చివరిదాకా ఇస్తే నెల తిరిగేసరికి అది తక్కువ మోతాదవుతుంది, జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. వారానికోసారి తూకం వేసి మోతాదు సరిచేయాలి. కళ్లకు, మెదడుకు పాకితే మొదటినుంచే ఎక్కువ మోతాదు అవసరం.

అపోహ: తిన్నది బయటికొస్తే అది వాంతే.

వాంతికి ముందు కుక్క చొంగ కారుస్తుంది, పొట్ట ఎగరేస్తుంది, ఓకరిస్తుంది. అవేమీ లేకుండా తల వంచగానే అరగని తిండి గొట్టం ఆకారంలో జారిపడితే అది అన్నవాహికలోంచి వచ్చింది, కడుపు దాకా వెళ్లనేలేదు. వాంతుల మందు దానికి పనిచేయదు. అన్నవాహిక సంచిలా సాగిపోయిందా అని ఎక్స్‌రే చూడాలి. సాగితే మయస్థీనియా గ్రావిస్ ఉందేమో రక్తపరీక్షతో చూడాలి. నరం నుంచి కండరానికి సంకేతం అందని జబ్బు అది. ఈ కుక్కలకు తిండి నిలువుగా కూర్చోబెట్టి పెట్టి, తర్వాత పది పదిహేను నిమిషాలు అలాగే ఉంచాలి. లేదంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. చాలావాటి ప్రాణం తీసేది ఆ న్యుమోనియానే.

ఫోన్‌లో తీసిన ఒక నిమిషం వీడియో ఇక్కడ ఏ స్కానింగ్‌కీ తీసిపోదు. ఫిట్స్ విషయంలోనూ అంతే. పడిపోయినప్పుడు కాళ్లు కొట్టుకుంటున్నాయా, చిగుళ్లు తెల్లబడ్డాయా, లేచాక వెంటనే మామూలుగా ఉందా, అయోమయంగా తిరిగిందా అన్నది తెలిస్తే మెదడా గుండెనా అన్నది చాలావరకు తేలుతుంది. తిండి చూడగానే ఉత్సాహంతో కుప్పకూలి, క్షణాల్లో లేచి మళ్లీ తినే కుక్కలు కూడా ఉన్నాయి. నార్కొలెప్సీ అంటారు. డోబర్‌మన్లలో దీనికి కారణమైన జన్యు లోపాన్ని 1999లో స్టాన్‌ఫర్డ్‌లో కనిపెట్టారు. నొప్పి ఉండదు, ప్రాణభయం లేదు. ఎమ్మారై కన్నా ముందు వీడియో తీయండి.

అపోహ: వయసైపోయింది, అంతే.

వయసు జబ్బు కాదు. ఆబగా తింటూ చిక్కిపోతున్న ముసలి పిల్లికి థైరాయిడ్ చూడండి. నీళ్లు తెగ తాగుతూ, పొట్ట వేలాడి, వెంట్రుకలు రాలుతున్న పెద్ద కుక్కకు కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ ఎక్కువయ్యే జబ్బు) ఉందేమో చూడండి. రెండింటికీ మందులున్నాయి.

అపోహ: మన మాత్ర పావు ముక్క ఇస్తే ఏం కాదు.

పిల్లికి పారాసెటమాల్ ఇవ్వకండి, పావు ముక్క కూడా. దాన్ని విడగొట్టే ఏర్పాటు పిల్లి కాలేయంలో సరిపడా లేదు. చిగుళ్లు మట్టిరంగుకు మారి, ముఖం ఉబ్బి, ఊపిరాడదు. ఇచ్చేశారా, దాచకుండా చెప్పండి, విరుగుడు ఉంది. గంటలు గడిచే కొద్దీ అది పనిచేయడం తగ్గుతుంది.

అపోహ: ముక్కు ఎండితే జ్వరం.

కాదు. థర్మామీటర్ పెట్టండి. సుమారు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వాటికి మామూలే.

అపోహ: కుక్క నోరు మూయలేకపోతోందంటే ఎముక ఇరుక్కున్నట్టే.

ఎముక కావొచ్చు. దవడ నరాలు వాచినా ఇలాగే నోరు తెరుచుకుని, చొంగ కారుతూ వేలాడుతుంది. కుక్క మిగతా అన్నివిధాలా మామూలుగా ఉంటుంది, తిండి అందిస్తే రెండు మూడు వారాల్లో సాధారణంగా దానంతటదే తగ్గుతుంది. కానీ రేబిస్ కూడా సరిగ్గా ఇలాగే మొదలవ్వొచ్చు. కరవని, అరవని, మూలన నక్కే రేబిస్ ఉంటుందని చాలామందికి తెలియదు. అందుకే ఎంత ముద్దుగా పెంచుకున్నదైనా ఆ నోట్లో చెయ్యి పెట్టొద్దు, చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

బతికున్న కుక్కలో రేబిస్‌ని కచ్చితంగా తేల్చే పరీక్ష లేదు. టీకాల కార్డు చూసి, కుక్కను విడిగా ఉంచి 10 రోజులు గమనిస్తాం. చొంగ గాయానికి గానీ కంటికి గానీ తగిలితే ఆ 10 రోజులు చూద్దాంలే అని ఆగకూడదు. సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి (కంటికైతే నీళ్లొక్కటే) అదే రోజు మనుషుల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కుక్కను ఎత్తుకున్నవాళ్లు, మందు పట్టించినవాళ్లు, బండిలో తీసుకొచ్చినవాళ్లు, అందరి పేర్లూ ఆరోజే కాగితం మీద రాయించుకుంటాను. వారం తర్వాత అడిగితే ఎవరో ఒకరి పేరు మర్చిపోతారు.