స్టాక్డ్ ఏరియా చార్టులను నునుపు చేయడం: అపోహలు - వాస్తవాలు

పలు శ్రేణుల విలువలను రంగు పొరలుగా ఒకదానిపై ఒకటి పేర్చి చూపేదే స్టాక్డ్ ఏరియా చార్టు. దాని గరుకు అంచులను వక్రరేఖలతోనో సగటులతోనో నునుపు చేస్తుంటారు.

అపోహ: వక్రరేఖ ఎంపిక కేవలం అలంకరణ, దానివల్ల లెక్క మారదు.

వాస్తవం: ఏరియా చార్టులో పాఠకుడు చదివేది రెండు అంచుల నడుమ ఉన్న మందాన్ని కాబట్టి, అంచు వంగిన ప్రతిచోటా విలువే మారినట్లు కనిపిస్తుంది. వెబ్‌లో చార్టులు గీసే డీ3 లైబ్రరీలోని కర్వ్‌బేసిస్ అనే వక్రం, మొదటి, చివరి బిందువులు తప్పిస్తే, మనమిచ్చిన బిందువుల గుండా వెళ్లదు. నడిమి ప్రతి బిందువు వద్ద దాని విలువలో ఆరింట నాలుగు వంతులకు ఇరుపక్కల విలువల్లో ఆరో వంతు చొప్పున కలిపి గీస్తుంది. వరుసగా 0, 0, 60, 0, 0 అని ఉంటే శిఖరం 40 దగ్గరే ఆగిపోతుంది, సున్నా ఉన్న పక్క బిందువుల వద్ద 10 చొప్పున పుట్టుకొస్తుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మౌస్ ఉంచినప్పుడు విలువ చూపే టూల్‌టిప్ 60 అని చూపిస్తే పాఠకుడు దేన్ని నమ్మాలి?

అపోహ: బిందువుల గుండా వెళ్లే వక్రాన్ని వాడితే ఇక చిక్కు లేదు.

వాస్తవం: డీ3లోనే ఉన్న కార్డినల్ వక్రం బిందువులను తాకుతుంది గానీ, విలువ హఠాత్తుగా మారే చోట హద్దు దాటి ఊగుతుంది, సున్నా దగ్గరున్న పొర పై అంచు అక్కడ కింది అంచు కన్నా దిగువకు జారిపోతుంది. మోనోటోన్‌ఎక్స్ అనే మరో వక్రం అలా హద్దు దాటదు, ఒంటరి గీతకు నేను దాన్నే ఎంచుకుంటాను. అయితే పేర్చిన చార్టులో అది ప్రతి అంచునూ విడివిడిగా వంచుతుంది గనుక, వరుసగా రెండు బిందువుల వద్ద సున్నాగా ఉన్న పొర కూడా వాటి మధ్య సన్నని చీలికలా బయటపడవచ్చు. అందుకే ఒడిదుడుకులు ఎక్కువైతే ముందు ప్రతి శ్రేణికీ ఒకే వ్యవధితో చలన సగటు (ప్రతి రోజుకూ దాని చుట్టుపక్కల కొన్ని రోజుల సగటు) తీసి, ఆ తరువాతే పేర్చి, అంచులను సరళరేఖలతో కలపడం మేలు. సగటుల మొత్తమూ మొత్తాల సగటూ ఒకటే కాబట్టి పై అంచు చెడదు. వ్యవధి ఎన్ని రోజులో చార్టు కిందే రాయాలి.

అపోహ: శాతాల చార్టుకూ ఇదే లెక్క నేరుగా వర్తిస్తుంది.

వాస్తవం: వర్తించదు. ఒక రోజు 20లో 10, మరో రోజు 100లో 10 వస్తే శాతాల సగటు 30. మొత్తాల మీద చూస్తే 120లో 20, అంటే సుమారు 16.7 శాతమే. సంఖ్యలను ముందు నునుపు చేసి, శాతాలను తరువాత కట్టాలి.

అపోహ: పొరల క్రమం మన ఇష్టం.

వాస్తవం: సమతలమైన ఆధారం అట్టడుగు పొరకే ఉంటుంది, పైవన్నీ కింది పొరల కుదుపులను మోస్తాయి. కాబట్టి నిలకడైన శ్రేణిని అడుగున ఉంచాలి. లీ బైరన్, మార్టిన్ వాటెన్‌బర్గ్ 2008లో వివరించిన స్ట్రీమ్‌గ్రాఫ్ ఆధారాన్నే కదిలించి ఈ కుదుపులను తగ్గిస్తుంది. పైథాన్ చార్టుల లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని స్టాక్‌ప్లాట్‌లో బేస్‌లైన్‌ను వెయిటెడ్_విగిల్‌గా మారిస్తే అదే వస్తుంది. అప్పుడు నిలువు అక్షం మీది అంకెలకు అర్థం ఉండదు కాబట్టి వాటిని తీసివేయాలి.