ముక్క తీస్తే పాకుతుందా? లింఫోమా: అపోహలు - వాస్తవాలు

"కత్తి తగిలితే పాకుతుందంట కదా సార్?" మెడలో గడ్డతో వచ్చి, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అనుమానం ఉన్నవాళ్లకు బయాప్సీ, అంటే గడ్డ ముక్క తీసి చూసే పరీక్ష, రాయగానే ఇదే ప్రశ్న. ఒక్క పోయిన వారంలోనే మూడుసార్లు విన్నాను. అడగడంలో తప్పు లేదు, అంత భయంలో ఎవరైనా అడుగుతారు. కానీ ఈ మాట నమ్మి నెలలకు నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూసి చూసి, ఇక రాయక తప్పలేదు.

అపోహ: ముక్క తీస్తే లింఫోమా ఒళ్లంతా పాకుతుంది.

వాస్తవం: పాకదు. లింఫోసైట్లనే తెల్లకణాలు అదుపు తప్పి పెరగడమే ఈ జబ్బు. రక్తంలోంచి లింఫు గ్రంథుల్లోకి, అక్కడి నుంచి మళ్లీ రక్తంలోకి తిరగడం ఆ కణాల స్వభావం. గ్రంథిని ముట్టుకోకపోయినా అవి తిరుగుతూనే ఉంటాయి. పైగా దీనికి అసలు వైద్యం ఆపరేషన్ కాదు, కీమో. మేం గ్రంథి తీయించేది లింఫోమాలో ఏ రకమో తెలుసుకోవడానికే. హాడ్జ్‌కిన్ అనే రకానికి ఇచ్చే మందులు వేరు, బి-సెల్ లింఫోమాకు ఇచ్చే ఆర్-చాప్ అనే మందుల కలయిక వేరు. ఎఫ్ఎన్ఏసీలో (సన్న సూదితో కణాలు లాగి చూసే పరీక్ష) సూదికి వచ్చే కాసిని కణాలతో ఆ తేడా తేల్చడం కష్టం. గ్రంథి లోపలి అమరిక కనిపించాలి. అందుకే వీలైతే గ్రంథి మొత్తం తీయమంటాం.

ఖమ్మం వైపు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. మెడలో గడ్డ, సాయంత్రాలు జ్వరం. ఏ పరీక్షా లేకుండా నాలుగు నెలలు టీబీ మందులు వాడారు. తగ్గకపోతే ఎవరో బయాప్సీ రాశారు. "కోయించొద్దు" అని నాయనమ్మ ఏడ్చింది. మూడు నెలలు పసరు మందు. నా దగ్గరికి వచ్చేసరికి ఛాతీలో గడ్డ పెరిగి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నాడు. హాడ్జ్‌కిన్. ఏబీవీడీ అనే కీమో ఆరు సైకిళ్లతో తగ్గింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. కానీ వాళ్లమ్మ ఇప్పటికీ ప్రతి చెకప్‌లో "అప్పుడే తీయించాల్సింది సార్" అంటుంది. మీ తప్పేం లేదమ్మా అని ప్రతిసారీ చెబుతాను. ఆమెకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, అంతే.

టీబీ అని అనుమానించడం తప్పు కాదు, మన దేశంలో మెడ గడ్డలకు అది పెద్ద కారణమే. రుజువు లేకుండా నెలలు గడిపేయడమే తప్పు. తీసిన గ్రంథిలో ఒక భాగం ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే, క్రిములను చంపే ద్రావణం) బయాప్సీకి, ఒక భాగం సెలైన్‌లో టీబీ కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్ష) వెళితే రెండూ తేలతాయి. మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే కల్చర్ కుదరదు, ముందే అడగండి. ఇంకోటి: బయాప్సీకి ముందు జ్వరానికనో నీరసానికనో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేయించుకోవద్దు. లింఫోమా గడ్డ వాటికి కొన్నాళ్లు కరుగుతుంది, తగ్గిందనుకుంటారు. ఆ సమయంలో ముక్క తీస్తే రిపోర్టు తేలకపోవచ్చు.

అపోహ: నాలుగో స్టేజ్ అంటే ఇంటికి తీసుకెళ్లిపోవడమే.

కాదు. లింఫోమాలో స్టేజ్ అంటే ఎన్ని చోట్ల ఉందన్న లెక్క. నాలుగో స్టేజ్ హాడ్జ్‌కిన్‌ కూడా ఎక్కువమందికి నయమవుతుంది.

అపోహ: నొప్పి లేదు కాబట్టి మామూలు గడ్డే.

లింఫోమా గడ్డ సాధారణంగా నొప్పి పుట్టదు. గడ్డ నాలుగు వారాల్లో తగ్గకపోయినా, రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమట పట్టినా, కారణం లేకుండా బరువు తగ్గినా చూపించుకోండి.

అంటుకుంటుందా? లేదు. ఒకే కంచంలో తినొచ్చు. చక్కెర మానేస్తే తగ్గుతుందా? తగ్గదు.

ఖర్చు గురించి టెన్షన్ నిజమైనదే. 2007లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కంపెనీ మన దగ్గరే రిటుక్సిమాబ్ (ఆర్-చాప్‌లో 'ఆర్' ఇదే) బయోసిమిలర్, అంటే దాన్ని పోలిన మందు, తెచ్చాక ఆ మందు ధర బాగా దిగింది. లింఫోమా కీమో ఆరోగ్యశ్రీలోనూ ఉంది, కౌంటర్లో అడగండి.

బయాప్సీ అయ్యాక రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకోకండి. ల్యాబ్‌లో మీ ముక్కను దాచిన మైనం బ్లాకులు, దాని పొరలు అతికించిన అద్దం స్లైడ్లు ఉంటాయి. అవీ అడిగి తీసుకోండి. ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలన్నా, ఇంకో పరీక్ష చేయాలన్నా చాలాసార్లు అవే చాలు, మళ్లీ కోయించుకునే పని ఉండదు. బ్లాకులను మాత్రం ఎండలో, వేడి బైక్ డిక్కీలో పెట్టకండి, మైనం కరిగిపోతుంది.