వాడని డ్రైవర్లు తీసేస్తే సిస్టం తొందరగా ఆన్ అవుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకు, నెట్ సెంటర్లకు కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఈ మధ్య చాలామంది సిస్టం టేబుల్ మీద పెట్టకముందే మందు కూడా వాళ్లే చెప్పేస్తున్నారు. "అన్నా, ఆన్ కావడానికి మూడు నిమిషాలు పడతా ఉంది, పాత డ్రైవర్లన్నీ పీకేయ్." ఏదో వీడియో చూసుంటారు. డ్రైవర్లంటే ప్రింటరు, మౌసు లాంటి పరికరాలతో విండోస్ మాట్లాడడానికి వాడుకునే చిన్న ప్రోగ్రాములు.

అపోహ: ఉన్న డ్రైవర్లన్నీ ఆన్ చేసిన ప్రతిసారీ లోడవుతాయి

కావు. విండోస్ డ్రైవర్ ప్యాకేజీలను డ్రైవర్‌స్టోర్ అనే ఫోల్డర్లో దాచుకుంటుంది. ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్‌ది, ఒక్కసారి గుచ్చి తీసిన డేటాకార్డుది అక్కడే పడుంటాయి. ఆన్ అయ్యేటప్పుడు ఏ పరికరాలు తగిలించి ఉన్నాయో చూసుకుని వాటి డ్రైవర్లనే మెమరీలోకి తెచ్చుకుంటుంది. లాడ్జి కౌంటర్ వెనక బోర్డుకు ఎన్ని తాళాలు వేలాడుతున్నా, క్లర్కు తీసేది వచ్చిన పార్టీకి ఇచ్చే రూము తాళం ఒక్కటే. మిగతా ప్యాకేజీలు డిస్కులో చోటు తింటాయి, టైము తినవు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. విండోస్ 95కు ముందు, డాస్ అనే పాత సిస్టం రోజుల్లో కాన్ఫిగ్.సిస్ అనే ఫైల్లో ఒక్కో డ్రైవర్‌కు ఒక్కో లైను ఉండేది. ఆ పరికరం వాడినా వాడకపోయినా, లైను ఉంటే ప్రతిసారీ దాన్ని లోడ్ చేయడానికి చూసేది. అదీ 640 కేబీ మెమరీలో. ఒక లైను తీసేస్తే తేడా కళ్లకు కనిపించేది. 1995లో విండోస్ 95తో, తగిలించిన పరికరాన్ని సిస్టమే గుర్తుపట్టే ప్లగ్ అండ్ ప్లే వచ్చాక ఆ లెక్క మారిపోయింది. సలహా మాత్రం నోటినుంచి నోటికి అట్లే వస్తా ఉంది.

అపోహ: డివైజ్ మేనేజర్లో మసకగా కనిపించేవన్నీ తీసేస్తే వేగం వస్తుంది

వ్యూ మెనూలో 'షో హిడెన్ డివైసెస్' నొక్కితే పాత పెన్‌డ్రైవ్‌లు, మౌసులు బూడిదరంగులో వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద డబుల్ క్లిక్ చేస్తే 'కోడ్ 45' అని ఉంటుంది. ఇప్పుడు తగిలించి లేదని దానర్థం, అంతే. తీసేస్తే లిస్టు శుభ్రంగా ఉంటుంది. నేను కూడా ఒక ఆదివారం పనిలేక నలభై దాకా తీసి, ముందూ వెనకా టైము చూశాను. ఒక్క సెకను కూడా తగ్గలేదు.

అపోహ: అయితే ఏ డ్రైవరూ అడ్డం రాదు

ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో ప్రతి డ్రైవర్‌కూ స్టార్ట్ అని ఒక అంకె ఉంటుంది. 0, 1 ఉన్నవి విండోస్ లేచేటప్పుడే లోడవుతాయి. 2 ఉన్నవి ఆ తర్వాత వాటంతటవే, 3 ఉన్నవి అవసరమైనప్పుడు. 4 అంటే ఆపేసినట్టు. పరికరాల డ్రైవర్లు చాలావరకు 3 కిందే ఉంటాయి. చిక్కంతా తీసేశాం అనుకున్న యాంటీవైరస్, పాత వీపీఎన్, ఉత్తుత్తి సీడీ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ లాంటివి వదిలిపెట్టి పోయే ఫిల్టర్ డ్రైవర్లతో. అవి ఫైళ్లకో, నెట్‌వర్క్‌కో, కీబోర్డుకో మధ్యలో కూర్చుంటాయి. ఆన్ అయ్యేటప్పుడు ఏవేవి లేస్తాయో చూపించే మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఆటోరన్స్ ప్రోగ్రాంలో డ్రైవర్స్ ట్యాబు తెరిచి, మైక్రోసాఫ్ట్‌వి దాచేస్తే మిగిలేవి కొన్నే. వాటిని చూస్తే చాలు.

కానీ ఫైలు పట్టుకుని డిలీట్ కొట్టకండి. పోయిన వేసవిలో ఒక లాడ్జి క్లర్కు అదే చేశాడు. పొద్దున్నే ఫోను: "పాస్‌వర్డ్ కొడతా ఉంటే ఒక్క అక్షరం పడడం లేదు సామీ, కౌంటర్ దగ్గర జనం నిలబడున్నారు." కీబోర్డు మార్చినా అంతే. అతను తీసేసిన ఫైలు కీబోర్డు మీద కూర్చున్న ఫిల్టరుది. ఫైలు పోయింది గానీ రిజిస్ట్రీలో కీబోర్డు క్లాసు కింద అప్పర్‌ఫిల్టర్స్ అనే చోట దాని పేరు మిగిలింది. పేరుంది, మనిషి లేడు, అందుకని కీబోర్డే లేవలేదు. మౌసు పని చేస్తోంది కాబట్టి స్క్రీన్ మీది కీబోర్డుతో లోపలికి వెళ్లి ఆ పేరు తుడిచాను. పక్కనే ఉన్న కేబీడీక్లాస్ అనే పేరు ముట్టుకోలేదు, అది విండోస్ సొంతం. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ మేనేజరు నా వెనకే నిలబడి నిట్టూరుస్తూ ఉన్నాడు.

యాంటీవైరస్ అయితే ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్‌తోనే తీయాలి. డిస్కు కంట్రోలర్ డ్రైవర్ల జోలికి మాత్రం వద్దు, నీలం తెర మీద 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని పలకరిస్తుంది.

అపోహ: డ్రైవర్ క్లీనర్, అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లు వేసుకుంటే సరిపోతుంది

వీటిలో చాలావాటికి తామే స్టార్టప్‌లో కూర్చునే అలవాటు. చోటు కావాలంటే విండోస్‌లోనే డిస్క్ క్లీనప్ ఉంది, 'డివైస్ డ్రైవర్ ప్యాకేజెస్' టిక్ పెడితే పాత వెర్షన్లు పోతాయి. గ్రాఫిక్స్ కార్డు ప్యాకేజీలు ఒక్కోటీ వందల ఎంబీ ఉంటాయి కాబట్టి చోటు బాగానే కలిసొస్తుంది. కొత్త డ్రైవర్ మొరాయిస్తే వెనక్కి వెళ్లే దారి మాత్రం ఉండదు.

అపోహ: రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం, కాబట్టి సిస్టం రోజూ కొత్తగా మొదలవుతుంది

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా కెర్నెల్ అనే విండోస్ అసలు గుండెకాయ భాగాన్ని డిస్కులో దాచి, మర్నాడు అక్కడినుంచే లేస్తుంది. టాస్క్ మేనేజర్లో అప్‌టైమ్ చూడండి, పదకొండు రోజులని చూపించిన సిస్టంలు కూడా చూశాను. అసలు మొదటినుంచీ లేవాలంటే రీస్టార్ట్ కొట్టాలి.

మరి టైమంతా ఎక్కడ పోతోంది?

ఈవెంట్ వ్యూయర్లో డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్ లాగ్ తెరవండి. ఈవెంట్ 100లో బూట్ టైము మిల్లీసెకన్లలో ఉంటుంది. 101 ప్రోగ్రాం, 102 డ్రైవర్, 103 సర్వీసు వల్ల ఆలస్యమని చెబుతుంది. నా టేబుల్ మీదికి వచ్చేవాటిలో 102 కనిపించడం అరుదు. 101, 103 వరసగా ఉంటాయి, లేదంటే టాస్క్ మేనేజర్లో హార్డ్‌డిస్కు 100 శాతం దగ్గర నిలబడి ఉంటుంది.

ఆ లాడ్జి సిస్టం కూడా అదే బాపతు. పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టాను. రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టేది ఇరవై సెకన్లకు వచ్చింది. స్టార్టప్‌లో నాలుగు ఆపాను. వేలిముద్ర మెషీన్‌ను నడిపే ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రాం కూడా ఆపేయమని క్లర్కు అడిగాడు. అది ఆపితే సాయంత్రం వేలిముద్రలు పడడం లేదని మళ్లీ నాకే ఫోను చేస్తాడని వదిలేశాను.