రివ్యూలో 10కి 9 వచ్చిన గేమ్ మనకెందుకు ఎక్కదు? ఈ మార్కుల గొడవ ఎక్కడ మొదలైంది

2019 నవంబర్‌లో డెత్ స్ట్రాండింగ్ వచ్చినప్పుడు జపాన్ మ్యాగజైన్ ఫామిట్సు దానికి 40కి 40 ఇచ్చింది, అమెరికాలో గేమ్ రివ్యూల సైట్ ఐజీఎన్ మాత్రం 10కి 6.8 దగ్గర ఆపేసింది. ఒకటే గేమ్, ఒకటే డిస్క్. వీపు మీద సామాను కట్టుకుని కొండలూ వాగులూ దాటుకుంటూ గంటలకి గంటలు నడవడమే అందులో సగం పని, అది ఒకరికి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, ఇంకొకరికి పరమ బోరు. ఇద్దరూ తమకి అనిపించిందే రాశారు. మరి ఈ రెండు నంబర్లలో ఏది నాది అని తల బద్దలు కొట్టుకోవడం మనకి ఎప్పుడు అలవాటైందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

గేమ్‌ల కోసమే పత్రికలు 1981లో మొదలయ్యాయి, బ్రిటన్‌లో కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్, అమెరికాలో ఎలక్ట్రానిక్ గేమ్స్. అప్పుడు యూట్యూబ్ లేదు, ట్రైలర్ లేదు, షాపులో డబ్బా మీద బొమ్మ చూసి కొనుక్కోవాలి, ఇంటికెళ్ళి ఆన్ చేస్తే బొమ్మకీ లోపలున్నదానికీ సంబంధమే ఉండేది కాదు. 1983 కల్లా అమెరికాలో నాసిరకం గేమ్‌లు కుప్పలుగా వచ్చిపడి మార్కెట్టే కుప్పకూలింది. అందుకే అప్పటి రివ్యూకి ఉన్న పని ఒక్కటే, డబ్బులు దండగవుతాయా లేదా చెప్పడం. మిక్సీ కొనేముందు పక్కింటావిడని అడిగినట్టు. ఆడినాయనకి ఏమనిపించింది అన్నది రెండో సంగతి.

1986లో జపాన్‌లో ఫామిట్సు మొదలైంది. వాళ్ళ పద్ధతి ఏంటంటే నలుగురు ఆడతారు, ఒక్కొక్కరు 10కి మార్కులేస్తారు, కలిపితే 40. నాకు ఈ పద్ధతంటే ఇప్పటికీ గౌరవం, ఎందుకంటే నలుగురి మార్కులూ విడివిడిగా కనిపిస్తాయి, ఒకరు 9 ఇచ్చి పక్కనే ఇంకొకరు 6 ఇస్తే ఓహో ఇది అందరికీ పడే సరుకు కాదన్నమాట అని అక్కడికక్కడే అర్థమైపోతుంది. మొదటి 40కి 40 రావడానికి 12 ఏళ్ళు పట్టింది, 1998లో జెల్డా ఆకరీనా ఆఫ్ టైమ్ అనే గేమ్‌కి. అమెరికాలో ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ కూడా ఇలాగే నలుగురితో రాయించేది, నెలనెలా చదివేవాళ్ళకి ఎవరికి రేసింగ్ ఇష్టం ఎవరికి ఫైటింగ్ ఇష్టం అన్నది తెలిసిపోయేది.

అసలు మలుపు 2001లో, మెటాక్రిటిక్ అనే సైట్ వచ్చాక. అన్ని రివ్యూల మార్కుల్నీ 100లోకి మార్చి, ఎవరి రివ్యూకి ఎంత బరువు ఇస్తున్నారో బయటపెట్టకుండా సగటు తీసి ఒక్క నంబర్ చూపిస్తారు. ఐదు స్టార్లకి మూడంటే రాసినాయన ఉద్దేశం పర్లేదు బానే ఉంది అని, అక్కడికెళ్ళేసరికి అది 60 అయిపోతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు, అదే సైట్‌లో సినిమాకి 65 వస్తే పచ్చరంగు, గేమ్‌కి 65 వస్తే పసుపు, గేమ్‌కి పచ్చ కావాలంటే కనీసం 75 రావాలి. అంటే గేమ్ రివ్యూల్లో మార్కులు అంత పైకి పాకిపోయాయని వాళ్ళే ఒప్పుకున్నట్టు. 7 అంటే ఫెయిల్ అనుకునే తరం అలా తయారైంది. మన సినిమా రివ్యూల్లో 2.75కీ 3కీ మధ్య పావు స్టార్ కోసం ఫ్యాన్స్ కొట్టుకోవడం చూసినవాళ్ళకి ఈ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు.

నంబర్ ఒక్కటే మిగిలాక దాని చుట్టూ డబ్బు చేరింది. 2010లో వచ్చిన ఫాలౌట్ న్యూ వేగస్ సంగతే చూడండి, మెటాక్రిటిక్‌లో 85 వస్తే దాన్ని తయారుచేసిన అబ్సిడియన్ వాళ్ళకి బోనస్ అని ఒప్పందం, వచ్చింది 84. ఒక్క మార్కు! 2012లో ఆ కంపెనీ డిజైనర్ క్రిస్ అవెలోన్ చెప్తేనే బయటికి తెలిసింది. ఇవ్వాళ ఆ సిరీస్‌లో బెస్ట్ ఏదంటే చాలామంది ఈ గేమ్ పేరే చెప్తారు, నాకది తల్చుకున్నప్పుడల్లా కడుపు మండుతుంది. 2007లో గేమ్‌స్పాట్ అనే రివ్యూ సైట్ ఎడిటర్ జెఫ్ గెర్స్ట్‌మన్ కేన్ అండ్ లించ్ గేమ్‌కి 6 ఇచ్చాడు, సైట్ నిండా అదే గేమ్ యాడ్‌లు, కొన్నాళ్ళకే ఉద్యోగం పోయింది. స్కోర్ల మీద పబ్లిషర్ల నుంచి వస్తున్న ఒత్తిడికి మేనేజ్‌మెంట్ నిలబడలేకపోయిందని 2012లో ఆయనే చెప్పాడు.

మన దగ్గరికొస్తే ఈ మార్కులు మనకి చేరనే లేదు. 2000లో వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐ గుర్తుందా? నార్వే వాళ్ళ గేమ్, మిషన్ మధ్యలో సేవ్ చేసుకోవడానికి లేదు, మల్టీప్లేయర్ లేదు, శత్రువులకి బుర్ర లేదు అని బయట విమర్శకులు బాగానే చీవాట్లు పెట్టారు, చెప్పినవన్నీ నిజాలే. కానీ మన ఇంటర్నెట్ సెంటర్లలో గంటకి 15 రూపాయలిచ్చి వెనకాల ముగ్గురు నిలబడి రేయ్ కెమెరా, రేయ్ అలారం అని అరుస్తుంటే ఆడినవాళ్ళకి ఆ సేవ్ లేకపోవడమే మజా, చివర్లో చచ్చిపోతే మొత్తం మళ్ళీ మొదటికి, అప్పుడు సీటు పక్కోడికి. ఆ వెనకాల నిలబడ్డ ముగ్గురికి ఏ రివ్యూలో మార్కులేస్తారు? ఒస్లోలో తయారైన గేమ్ మన దగ్గర ఎవరితో, ఎన్ని డబ్బులతో, ఎంత టైముతో ఆడతారో రాసేవాళ్ళకి తెలిసే దారే లేదు.

2013 చివర్లో పీసీ గేమ్‌లమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్, ఆడినవాళ్ళనే రివ్యూలు రాయమంది, మార్కుల్లేవు, బొటనవేలు పైకి లేదా కిందికి, పక్కన ఎన్ని గంటలు ఆడారో. ఇది బావుందనుకునేలోపే గుంపులుగా దిగి రేటింగ్ పడగొట్టడం మొదలైంది. 2020 జూన్‌లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 రిలీజైన కొన్ని గంటలకే మెటాక్రిటిక్ యూజర్ రివ్యూల్లో వేలమంది సున్నాలు పెట్టేశారు, అంత పొడుగు గేమ్ అప్పటికి పూర్తిచేసే ఛాన్సే లేదు, ఇక మెటాక్రిటిక్ గేమ్ వచ్చిన 36 గంటల దాకా యూజర్ రివ్యూలు తీసుకోకూడదని రూల్ పెట్టాల్సొచ్చింది. అలాగని అన్నిసార్లూ ఆడేవాళ్ళది తప్పనలేం. అదే ఏడాది డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077కి ముందుగా రివ్యూ కాపీలు పీసీవి మాత్రమే ఇచ్చారు, వాటికి 9లూ 10లూ పడ్డాయి, సోనీ వాళ్ళ పాత గేమ్ మెషీన్ పీఎస్4లో ఆడినవాళ్ళకి గేమ్ అడుగడుక్కీ ఆగిపోయింది, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచే తీసేసింది.

2015లో స్టీమ్ రీఫండ్ తెచ్చాక చాలామంది రివ్యూ చదవడం మానేసి రెండు గంటల్లోపు ఆడి నచ్చకపోతే వెనక్కిచ్చేస్తున్నారు, నేనూ అంతే. కానీ డెత్ స్ట్రాండింగ్ మొదట్లో చాలాసేపు కట్ సీన్లే, అంటే మనం ఆడకుండా సినిమాలా చూసేవి, ఆ రెండు గంటలతో తేల్చుంటే నేనూ వెనక్కిచ్చేసేవాణ్ణే. నాకది మూడో చాప్టర్‌లో ఎక్కింది, సామానంతా మోసుకుని వాగు ముందు నిలబడ్డప్పుడు, ముక్కూమొహం తెలియని ఏ దేశం ప్లేయరో అప్పటికే అక్కడ వంతెన వేసి పెట్టి వెళ్ళాడు.