ఆ దిబ్బల కింద కొలిమి

పిల్లలూ,

కొలంబస్ కంటే ముందే వైకింగులు (నార్వే, డెన్మార్క్ వైపు నుంచి పడవల్లో తిరిగిన పాతకాలం జనం) అమెరికా వెళ్ళారా లేదా అని మీ ఇద్దరికీ పెద్ద గొడవే అయిందంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వెళ్ళారు, అందులో డౌటేం లేదు. కానీ వెళ్ళారని ఎలా తెలిసిందో అదే అసలు మజా, అది ఫోన్లో చెప్తే సగం వినకుండా కట్ చేసేస్తారు కాబట్టి తీరిగ్గా టైప్ చేస్తున్నా.

ఎరిక్ ది రెడ్ అని ఒకడు, హత్య కేసుల్లో ఐస్‌ల్యాండ్ నుంచి వెలేస్తే గ్రీన్‌ల్యాండ్ వెళ్ళి అక్కడ ఊళ్ళు పెట్టించాడు, ఇది 985 ప్రాంతం. వాడి కొడుకు లీఫ్ ఎరిక్సన్ ఇంకా పడమరకి పోయి, అడవి ద్రాక్ష దొరికే ఒక దేశం చూసి దానికి విన్‌ల్యాండ్ అని పేరు పెట్టాడని ఐస్‌ల్యాండ్ వాళ్ళ సాగాల్లో ఉంది. సాగాలంటే తరాలపాటు నోటిమాటగా నడిచి, 13వ శతాబ్దంలో రాతకెక్కిన కథలు. రెండొందల ఏళ్ళు నోట్లో నానిన కథలో ఎంత నిజం, ఎంత మసాలా? అందుకే చాలామంది పండితులు నమ్మీ నమ్మనట్టు ఉండేవాళ్ళు. నమ్మినవాళ్ళలో ఎక్కువమంది ద్రాక్ష అన్నారు కదా అని అమెరికా తీరంలో దక్షిణం వైపు వెతికారు.

నార్వేలో హెల్గే ఇంగ్‌స్టాడ్ అని ఒకాయన. చదివింది లా, ప్రాక్టీసు కూడా బానే నడిచేది, అదంతా వదిలేసి కెనడా ఉత్తరాన అడవుల్లోకెళ్ళి ఉచ్చులేసి జంతువుల్ని పట్టుకుంటూ కొన్నేళ్ళు బతికిన మనిషి (మీరు మాత్రం చదువు వదలకండి, ఆయన పూర్తిచేశాకే వెళ్ళాడు). 1960లో, అంటే అరవై ఏళ్ళ వయసులో, కూతుర్ని వెంటబెట్టుకుని ఉత్తర అమెరికా తూర్పు తీరం వెంబడి ఊరూరూ తిరిగాడు. ఏ ఊరెళ్ళినా అడిగింది ఒకటే, ఇక్కడ ఎక్కడైనా పాత ఇళ్ళ ఆనవాళ్ళున్నాయా అని. కెనడా తూర్పున ఉన్న న్యూఫౌండ్‌ల్యాండ్ ద్వీపం ఉత్తరపు కొసన లాన్స్ ఓ మెడోస్ అని చిన్న జాలర్ల పల్లె ఉంది. అక్కడ జార్జ్ డెకర్ అనే పెద్దమనిషి ఆఁ ఉన్నాయి రమ్మని తీసుకెళ్ళి, వాగు పక్కన గడ్డి కప్పేసిన దిబ్బలు చూపించాడు. ఊరివాళ్ళు దాన్ని పాత ఇండియన్ క్యాంప్ అనేవాళ్ళు, ఇండియన్ అంటే మనం కాదు, అక్కడి స్థానిక జనాలు. మన ఊళ్ళల్లో పాటిదిబ్బ ఉంటుంది చూడండి, కింద పాత ఊరుందని అందరికీ తెలుసు, ఎవరిదో ఎప్పటిదో ఎవడికీ పట్టదు, అచ్చం అలాగన్నమాట. అందుకే పేపర్లలో "పోయిన ఊరు దొరికింది" అని రాస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది, డెకర్‌కి అది ఎప్పుడు పోయింది గనక!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పేరంతా హెల్గేకి వచ్చింది గానీ తవ్వించింది వాళ్ళావిడ, ఆన్ స్టైన్ ఇంగ్‌స్టాడ్. ఆర్కియాలజిస్టు ఆవిడే. 1961 నుంచి 1968 దాకా ఎండాకాలాల్లో తవ్వకాలు జరిగాయి. మెల్లగా ఎనిమిది కట్టడాల పునాదులు బయటపడ్డాయి. గోడలు రాయీ కాదు ఇటుకా కాదు, గడ్డి వేళ్ళతో సహా చెక్కిన మట్టి పెళ్ళల్ని చెక్క ఫ్రేము చుట్టూ పేర్చినవి. ఐస్‌ల్యాండ్‌లో, గ్రీన్‌ల్యాండ్‌లో వైకింగులు ఇలాగే కట్టుకునేవాళ్ళు. కానీ గోడల పోలిక చూసి వైకింగులే అనేస్తే ఒప్పుకోరు కదా, ఆ తర్వాతొచ్చిన యూరప్ జాలర్లు కట్టారేమో అంటారు, అన్నారు కూడా.

వాగుకి అవతల పక్క, ఇళ్ళకి దూరంగా ఒక చిన్న గుంటలాంటి కట్టడంలో కొలిమి దొరికింది. చుట్టూ బొగ్గు, ఇనప చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే తుక్కు). ఆ చిత్తడి నేలల్లో ఇనుము ముద్దలుగా పేరుకుంటుంది, దాన్ని ఏరి బట్టీలో కరిగించి మేకులు చేసుకున్నారు, పడవల రిపేరుకి. ఇనుము కరిగించే పద్ధతి ఆ ప్రాంతంలో అంతకుముందు ఉన్న జనాలకి లేదు, అందుకే ఆ చిట్టెం అంత విలువైన సాక్ష్యం అయింది. బంగారం దొరికినా ఇంత పనికొచ్చేది కాదు.

తర్వాత 1964లో ఒక చిన్న రాతి బిళ్ళ, మధ్యలో చిల్లు. బలపం రాయితో చేసింది. నూలు వడికే కదురు ఉంటుందే, అది గిర్రున తిరగడానికి బరువుగా తగిలించేది. వైకింగుల్లో ఉన్ని వడకడం ఆడవాళ్ళ పని, అంటే అక్కడికి మగాళ్ళు మాత్రమే రాలేదు, ఆడవాళ్ళూ వచ్చారు. అరచేతిలో పట్టే రాయి ఇంత చెప్పింది! 1968లో దుప్పటి లాంటి పైబట్టకి పెట్టుకునే కంచు పిన్ను, తలకి రింగు ఉన్నది, దొరికేసరికి ఇక వాదించేవాళ్ళ నోళ్ళు దాదాపు మూతబడ్డాయి.

తర్వాత 1970లలో పార్క్స్ కెనడా అనే అక్కడి ప్రభుత్వ సంస్థ వాళ్ళు మళ్ళీ తవ్వితే చెక్క పేళ్ళు, తాళ్ళ ముక్కలు, వాటితోపాటు మూడు బటర్‌నట్ కాయలు దొరికాయి. అక్రోటు జాతి కాయ అది. న్యూఫౌండ్‌ల్యాండ్‌లో ఆ చెట్టు పెరగదు, బాగా దక్షిణాన న్యూ బ్రన్స్‌విక్ వైపు పెరుగుతుంది, అడవి ద్రాక్ష కూడా అటువైపే. ద్రాక్ష మాట మరీ మసాలా కాదన్నమాట, వీళ్ళు ఈ ఊర్ని మకాంగా పెట్టుకుని ఇంకా కిందికి వెళ్ళొచ్చారు. 1978లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చినది. ఎప్పటి ఊరు అంటే వెయ్యో ఏడు అటూ ఇటూ అని మాత్రమే చెప్పగలిగేవాళ్ళు. 2021లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీ వాళ్ళు, అక్కడ దొరికిన మూడు చెక్క ముక్కల్ని తీసుకున్నారు, ఇనప పనిముట్టుతో కోసినవి. చెట్టు ఏడాదికో వలయం వేస్తుందని మీకు తెలుసు. 993 ప్రాంతంలో ఆకాశం నుంచి వచ్చిన రేడియేషన్ ఒక్కసారిగా పెరిగి, ప్రపంచంలో ఎక్కడి చెట్టయినా సరే ఆ ఏటి వలయంలో కార్బన్ 14 (రేడియోధార్మికత ఉన్న ఒక రకం కార్బన్) ఎక్కువగా ఉండిపోయింది, తేదీ స్టాంపు కొట్టేసినట్టు. మూడు ముక్కల్లోనూ ఆ వలయం పట్టుకుని, అక్కడ్నుంచి బెరడు దాకా లెక్కపెడితే 28. కూడుకోండి. 1021! మూడు వేర్వేరు చెట్లు, మూడింటికీ అదే ఏడు. మన రాజమండ్రిలో రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం 1022లో, అంటే ఆ పక్కేడే. కొలంబస్ రావడానికి ఇంకా 471 ఏళ్ళుంది.

మరి ఉండిపోలేదేం అంటారా. ఎక్కువకాలం లేరు, కొన్నేళ్ళే. చెత్త తక్కువ, సమాధులు దొరకలేదు, పశువుల కొట్టాలు లేవు, పనికొచ్చే సామానంతా పట్టుకుపోయారు. గ్రీన్‌ల్యాండ్‌లోనే జనం తక్కువ, ఇక్కడేమో అప్పటికే వేల ఏళ్ళుగా ఉంటున్న స్థానిక జనాలు, వాళ్ళతో కొట్లాటలయ్యాయని సాగాలే చెప్తున్నాయి. కాబట్టి "అమెరికాని మొదట కనిపెట్టింది ఎవరు" అని వాదించుకుంటే మీ ఇద్దరూ ఓడినట్టే, లీఫ్ కాదు, కొలంబస్ కాదు.

ఇంకో సంగతి. కొన్నేళ్ళ కిందట అదే ద్వీపంలో పాయింట్ రోజీ అనేచోట శాటిలైట్ ఫోటోల్లో ఏవో గీతలు కనబడి, ఇంకో వైకింగ్ ఊరని టీవీల్లో ఒకటే హడావిడి. 2015, 2016 ఎండాకాలాల్లో తవ్వారు, వైకింగుల జాడ ఏమీ లేదు, గోడలనుకున్నవీ ఇనుమనుకున్నవీ నేలలో సహజంగా ఏర్పడినవే. తవ్వినవాళ్ళే ఆ మాట రిపోర్టులో రాశారు, అది నాకు బాగా నచ్చింది.

అన్నట్టు చిన్నోడు వేసిన బొమ్మ వాట్సాప్‌లో చూశాను, పడవ భలే వేశాడు. ఆ టోపీల మీద కొమ్ములు మాత్రం చెరిపేయమను. వైకింగులు కొమ్ముల టోపీలు పెట్టుకోలేదు, అవి 19వ శతాబ్దంలో జర్మనీలో నాటకాలకి బట్టలు కుట్టినవాళ్ళ పుణ్యం. తెరచాపకి ఎరుపు వేస్తే వేసుకోమను.

మీ తాతయ్య